పొలిమేర గీచిన చేయి



ఈ పూట నేను ముచ్చటింపదలచిన విషయమునకు పండితులు పెట్టిన పేరు కొంచెము బరువైనది. పరాయిపాలన గతించిన దేశములలో పుట్టిన నవలలయందు స్థలము, అధికారము, అస్తిత్వము అను మూడింటికిని గల సంబంధము - ఇదియే ఆ విషయము. పేరు విని బెదరవలసిన పనిలేదు. స్థలమనగా మనము నిలిచియున్న నేల. అధికారమనగా ఆ నేల యెవరిదో నిర్ణయించి చెప్పగల శక్తి. అస్తిత్వమనగా ఆ నేలమీద నిలిచినవాడు తాను ఫలానావాడనని తలయెత్తి చెప్పుకొనగలుగుట. ఈ మూడును ఒకదానితో నొకటి యెట్లు పెనవేసికొని యుండునో మీకు క్రొత్తగా చెప్పనక్కఱలేదు. గట్టు తగవులు తీర్చిన పెద్దలు మీలో ననేకులు కలరు. జానెడు గట్టుకొఱకు అన్నదమ్ములు కోర్టు కెక్కి, రెండు తరములు మాటలు మానిన సంగతులు మీరెఱుగుదురు. ఆ జానెడు నేలలో పండు గింజలెన్ని? గట్టు జరిపినవాడు తన్ను మనిషిగా లెక్కింపలేదన్న బాధయే రెండవవానిని కోర్టు మెట్లెక్కించును.

గట్టు జరుపువాడు రాత్రివేళ జరుపును. రాజ్యముల పొలిమేరలు జరుపువారు పట్టపగలు, బల్లచుట్టు కూర్చుండి, పటము పఱచుకొని జరుపుదురు. 1884వ సంవత్సరము నవంబరు మొదలు 1885 ఫిబ్రవరి వఱకు జర్మనీ దేశపు బెర్లిను నగరమున ఐరోపా రాజ్యముల ప్రతినిధులు సభ తీర్చి, ఆఫ్రికాఖండమును ఆక్రమించుకొనుటకు తమలో తాము నియమము లేర్పఱచుకొనిరి. ఆ సభలో ఆఫ్రికావాడొక్కడును లేడు. మన దేశమునందు 1947వ సంవత్సరమున సర్ సిరిల్ రాడ్‌క్లిఫ్ అను ఆంగ్ల న్యాయవాది, అంతకుముందెన్నడును ఈ గడ్డపై నడుగిడనివాడు, జూలై నెలలో వచ్చి సుమారైదు వారములలో పంజాబు, వంగదేశములను రెండుగా చీల్చు గీత గీచెను. స్వాతంత్ర్యము ఆగస్టు 15వ తేదీన వచ్చినది. గీత ఎచ్చట పడినదో ప్రజలకు 17వ తేదీన తెలిసినది. రెండు దినములపాటు ఆ సీమలవారిలో వేలకొలది జనులకు తామే దేశమున నున్నారో తెలియదు.

మన రైతువారీ జిల్లాలలోను ఆంగ్లప్రభుత్వమువారు పొలములను గొలుసులతో కొలిపించి ప్రతిచేనికిని నంబరు వేయించిరి. తాతల నాటి నుండి చెట్టుపేరనో, వాగుపేరనో, దేవుని పేరనో పిలువబడుచు వచ్చిన చేను కాగితముమీద ఒక అంకె యైనది. తగవు వచ్చినప్పుడు పేరు చెల్లలేదు, అంకెయే చెల్లినది. కొలుచుటయందును, పేరుపెట్టుటయందును, వ్రాయుటయందును అధికారమున్నది. ఈ సంగతిని మన కాలపు నవలాకారులు కొందఱు గ్రహించి, తమ ప్రజల కథలను మరల తామే వ్రాయ నారంభించిరి. అట్టివారిలో ముగ్గురిని గూర్చి నేడు చెప్పుదును. ఇద్దఱు ఆఫ్రికావారు, ఒకరు వంగదేశీయులు. కడపట మన తెలుగు నవల నొకదానిని తలచెదను.

మొదటివాడు నైజీరియా దేశస్థుడగు చినువా అచెబె. 1930లో జన్మించి 2013లో మరణించినాడు. ఆయన తండ్రి క్రైస్తవ మతబోధకుడు. ఇగ్బో అను జాతికి చెందిన కుటుంబము. నైజీరియా 1960వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన స్వతంత్రమైనది. దానికి రెండేండ్లు ముందుగా, 1958లో, ఆయన తొలి నవల లండనులో అచ్చుపడినది. దానిపేరు 'థింగ్స్ ఫాల్ అపార్ట్'. అన్నియు చెదరిపోవుచున్నవని ఆ మాటల తాత్పర్యము.

కథ ఉమువోఫియా అను తొమ్మిది పల్లెల సముదాయమున జరుగును. ఆ సీమలో రాజు లేడు. బిరుదులు పొందిన పెద్దలును, ఊరివారును సభతీర్చి సంగతులు నిర్ణయించుకొందురు. పెనుదుంప వారి ప్రధానమైన పంట. మనకు వరి యెట్లో వారికి పెనుదుంప యట్లు. ఎవని కొట్టులో దుంపలు నిండుగా నుండునో వాడు గొప్పవాడు. ఒకోంక్వో అనునాతడు కథానాయకుడు. తండ్రి అప్పులపాలైన సోమరి. కొడుకు మల్లయుద్ధమున పేరుగాంచి స్వశక్తిచే సంపన్నుడైనవాడు. తండ్రివలె బలహీనుడని ఎవరైన తలంతురేమో యను భయ మాతనిని జీవితమంతయు వెన్నాడినది. పొరుగూరివారు అపరాధపరిహారముగా నిచ్చిన ఇకెమెఫునా అను బాలుడు మూడేండ్లు ఆతని యింట పెరిగి, ఆతనిని తండ్రీయని పిలిచెడివాడు. దేవత యాజ్ఞయని ఊరివారా బాలుని చంపదలచినప్పుడు, ఈ పనిలో నీవు చేయి పెట్టవలదని ఒక వృద్ధుడు హెచ్చరించెను. ఐనను ఒకోంక్వో తన్ను పిఱికివాడందురను భయముచేత తానే కత్తి యెత్తెను. ఆతని సొంత కుమారుడు న్వోయె అది మఱచిపోలేదు.

కొంతకాలమునకు, తుపాకి పేలి పొరపాటున ఒక జ్ఞాతి బాలుడు చనిపోగా, ఒకోంక్వో ఏడేండ్లు ఊరు విడిచి తల్లిగారి పల్లెయగు మ్బాంటాలో తలదాచుకొనవలసివచ్చెను. ఆ కాలముననే క్రైస్తవ ప్రచారకులు ఆ పల్లెకు వచ్చి గుడి కట్టుకొనుటకు స్థలమిమ్మని పెద్దల నడిగిరి. ఇక్కడ నేను కొంచెము నిలువదలచినాను. ఈ నవలకు ఆయువుపట్టు ఈ స్థలదానమే యని నా తలంపు.

ప్రతిపల్లెకును చెడ్డ అడవి యని ఒక చోటుండెడిది. భయంకర రోగములతో చచ్చినవారిని అచ్చట పాఱవేయుదురు. దయ్యములకు నెలవని అందఱు దూరముగా నుందురు. పెద్దలు తమలో తాము నవ్వుకొని, ఆ యడవిలో కావలసినంత నేల తీసికొనుడని ప్రచారకులతో చెప్పిరి. నాలుగు దినములలో వీరందఱు చత్తురని వారి నమ్మకము. నాలుగు దినములు గడచినవి, ఎవరును చావలేదు. తమ దేవతలు ఇరువదియెనిమిది దినములు ఓర్తురను మాట యున్నది గావున ఆ గడువు వఱకు చూచిరి. అదియు గడచినది. క్రొత్త గుడి నిలిచినది. క్రొత్త మతములో చేరువారు కలిగిరి.

చేరిన వారెవరో చూడుడు. మొదట చేరిన స్త్రీ నిండు గర్భిణి. ఆ జాతివారు కవలలు పుట్టుట అరిష్టమని నమ్మి, ఆ శిశువులను కుండలలో పెట్టి అడవిలో వదలెడివారు. ఆమెకు నాలుగు కాన్పులలో నాలుగుసార్లును కవలలే పుట్టిరి. ఎనమండుగురు బిడ్డలును అడవిపాలైరి. తరువాత చేరినవారు ఓసు అను వర్గమువారు. ఎన్నడో ఒకనాడు దేవతకు అంకితమైన వారి సంతతి యగుటచే వారు ఊరికి వెలిగా నుండవలెను, ఇతరులతో వియ్యమందరాదు, సభలో కూర్చుండరాదు, జుట్టు కత్తిరించుకొనరాదు, చచ్చిన పిదప చెడ్డ అడవిలోనే పూడ్వబడవలెను. ఇకెమెఫునా మరణమును మఱవని న్వోయె కూడ ఆ గుడిలోనే చేరెను. బ్రదికియుండగనే ఊరు వెలివేసిన వారికి, ఊరు పనికిరాదని విడిచిన నేలమీద, పరాయివాడు చాప పఱచి కూర్చుండుడనెను. వారు కూర్చుండిరి.

అచెబె చెప్పిన ఈ మాటలో తన ప్రజలయెడ ప్రేమయు కలదు, నిష్ఠురమును కలదు. పరాయివాడు తుపాకితో వచ్చినాడు, మోసముతో వచ్చినాడు అని చెప్పుట సులభము, అది నిజమే. ఉమువోఫియాలో చక్కని కథలున్నవి, న్యాయసభలున్నవి, అతిథిమర్యాద లున్నవి, కవిత్వమువంటి మాటతీరున్నదని ఆయన వందపుటలు చూపెను. చూపి, ఆ గోడలో ముందే యున్న పగులు నుండియే పరాయివాడు లోనికి వచ్చెనని కూడ దాచక చెప్పెను.

గుడి వెనుక కచేరి వచ్చినది. జిల్లా అధికారి వచ్చెను. భాష తెలియని దొరకు దుబాసీ, దుబాసీకి లంచము. ఒక భూమి తగవులో లంచమిచ్చిన కుటుంబమునకే భూమి దక్కెను. నేలను గూర్చిన మన ఆచారము దొరకు తెలియునా యని ఒకోంక్వో అడుగగా, మన భాషయే రానివానికి ఆచార మెట్లు తెలియునని ఆతని మిత్రుడు బదులు చెప్పును. తుదకు ఊరి పెద్దలార్గురిని మాటలాడుకొందము రమ్మని పిలిచి సంకెళ్లు వేయించి, రెండువందల సంచుల గవ్వలు జుల్మానా యనిరి. నడుమ బంట్రోతులు తమ వాటాగా దానిని రెండువందల యేబది చేసిరి. ఈ యవమానము సహింపలేక ఒకోంక్వో సభను ఆపవచ్చిన బంట్రోతును నఱికెను. కాని ఊరు ఆతని వెంట లేవలేదు. అది గ్రహించి ఆతడు ఉరి వేసికొనెను. ఆత్మహత్య వారి ఆచారము ప్రకారము భూదేవికి అపచారము. స్వజనులాతని శవమును తాకరాదు. పరాయివారే దింపవలెను. నేలకొఱకు ప్రాణమిచ్చినవానికి ఆ నేలలో తనవారిచేత పూడ్వబడు భాగ్యము లేకపోయెను.

ఇక కడపటి ఘట్టము. శవమును చూచి మరలుచున్న జిల్లా అధికారి తాను వ్రాయబోవు గ్రంథమును గూర్చి తలపోయుచుండును. దిగువ నైజరు నదీప్రాంతపు అనాగరిక జాతులను తాను శాంతింపజేసిన విధమే ఆ గ్రంథవిషయము. ఈ మనుష్యుని గూర్చి ఒక అధ్యాయము వ్రాయవచ్చునా? అంత యవసరము లేదు, ఒక పేరా చాలునని నిశ్చయించుకొనును. నవల అచ్చటితో ముగియును. మొదటి పుట నుండి ఒకోంక్వోతో నడచి, ఆతని కోపమును, భయమును, బిడ్డలపై లోలోన దాచిన ప్రేమను ఎఱిగిన పాఠకునికి ఆ 'ఒక పేరా' అను మాట కొరడావలె తగులును. కాగితముమీద మనిషికి ఎంత స్థలమీయవలెనో నిర్ణయించువాడు కలము పట్టినవాడే గదా! అచెబె ఆ కలమును ఆతని చేతినుండి తీసికొని, ఒక పేరాకు బదులు ఒక గ్రంథము వ్రాసెను.

రెండవవాడు తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశస్థుడు గూగీ వా థియోంగో. 1938లో జన్మించి 2025లో మరణించినాడు. కెన్యాలో చల్లని ఎత్తుభూములను ఆంగ్లప్రభుత్వము తెల్లవారికై ప్రత్యేకించినది. తరతరములుగా ఆ నేలలో పంట పండించిన గికూయు జాతివారనేకులు తమ పొలములలోనే కూలివారైరి. 1952లో తిరుగుబాటు కారణముగా అత్యయిక పరిస్థితి ప్రకటింపబడి 1960 వఱకు సాగినది. 1963 డిసెంబరు 12వ తేదీన దేశము స్వతంత్రమైనది. మఱుసటి సంవత్సరమున గూగీ నవల 'వీప్ నాట్, చైల్డ్' వెలువడినది. ఏడువకు బిడ్డాయని దాని యర్థము.

అందులో న్గోథో అను ముదుసలి రైతు కలడు. మొదటి ప్రపంచయుద్ధమున కూలికి పోయి తిరిగివచ్చునప్పటికి ఆతని పెద్దల భూమి హౌలండ్సు అను తెల్లదొర పరమైనది. న్గోథో ఆ దొరవద్దనే పనికి కుదిరినాడు. ఎందులకు? కూలికొఱకు మాత్రమే కాదు. ఆ భూమి యెన్నటికైన తిరిగి తమకే వచ్చునని ఒక జోస్యమున్నది. అంతవఱకు దానిని కనిపెట్టి యుండవలెనని ఆ ముదుసలి తలంపు. దొరయు, కూలివాడును కలిసి పొలమున తిరుగుచుందురు. ఇద్దఱికిని ఆ మట్టియనిన ప్రాణము. దొర తనదని మురియుచుండును. ముసలివాడు తనదని మౌనముగ నుండును. రెండవ యుద్ధమునుండి మరలివచ్చిన కుమారుడు బోరో, నీ భూమిలో నీవు కూలి చేయుచు ఇన్నేండ్లెట్లు ఊరకుంటివని తండ్రిని నిలదీయును. ఆ ప్రశ్నకు తండ్రివద్ద జవాబు లేదు. పొలము పోయినవాడు కొడుకుల యెదుట తండ్రిగా నిలువలేకపోయెను. స్థలమునకును అస్తిత్వమునకును గల సంబంధమును ఇంతకంటె తేటగా చెప్పిన సన్నివేశము నేను చదువలేదు.

గూగీ దృష్టిలో ఇంకొక నేల కలదు, అది భాష. తమ బడిలో ఇంటిభాష పలికిన పిల్లలకు దెబ్బలు కొట్టి, మెడలో అవమానకరమైన పలక వ్రేలాడగట్టెడివారని ఆయన వ్రాసినాడు. ఆయన ఇంగ్లీషులో నవలలు వ్రాసి పేరు గాంచినవాడే. ఐనను పిమ్మట తన పల్లెవారితో కలిసి గికూయు భాషలో ఒక నాటకమాడించెను. పల్లెజనులు విరగబడి చూచిరి. 1977వ సంవత్సరము కడపట, స్వతంత్ర కెన్యా ప్రభుత్వమే ఆయనను విచారణలేకుండ చెఱసాలలో నుంచినది. ఇంగ్లీషులో వ్రాసినన్నాళ్లు ఓర్చిన ప్రభుత్వము, జనులకు తెలిసిన భాషలో ఆడించిన నాటకము నోర్వలేకపోయెను. చెఱలో వ్రాయుటకు కాగితము లేక, శౌచమునకిచ్చు కాగితముమీద ఆయన గికూయు భాషలో ఒక నవల వ్రాసెను. 1978 డిసెంబరులో విడుదలయ్యెను; 1980లో నవల అచ్చుపడినది. దానిని వరవరరావు 'మట్టికాళ్ల మహారాక్షసి' యను పేర తెలుగు చేసినారు. తెల్లవాడు పోయినను చెఱసాల తలుపు మూయువాడు మిగిలియున్నాడను సంగతి గూగీ జీవితమే చెప్పుచున్నది.

ఇక మన దేశమునకు వత్తము. అమితావ్ ఘోష్ 1956లో కలకత్తాలో జన్మించినారు. 1988లో 'ది షాడో లైన్స్' అను నవల వ్రాసినారు. నీడ గీతలని చెప్పుకొనవచ్చును. దీనికి 1989లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఇందులో ఒక బామ్మగారు కలరు. ఢాకాలో పుట్టి పెరిగి, కలకత్తాలో బడిపంతులమ్మగా బ్రదికిన దిట్టరి. ఆమె చిన్ననాట తండ్రికిని పెత్తండ్రికిని సరిపడక ఇల్లు పంచుకొనిరి. వాటా చెరిసగము కావలెనన్న పంతమున గోడను తిన్నగా నడిపించిరి. అది ఒక గుమ్మము నడుమగా పోయినది; ఇక ఆ గుమ్మమున ఎవరును దూరలేరు. మరుగుదొడ్డి పీట కూడ రెండు ముక్కలైనది. బాలిక యగు ఆమె తన చెల్లెలికి, ఆవలి భాగమున అంతయు తలక్రిందులుగా నుండునని కథలల్లి చెప్పెడిది. అటువైపువారును మనవంటివారే యని అనుకొనుటకు ఆ చిన్నపిల్లకు కూడ మనసొప్పలేదు. ఇరువాటాల యిండ్లలో పెరిగిన నాకీ భాగము చదువుచున్నప్పుడు నవ్వును వచ్చినది, సిగ్గును కలిగినది.

1964లో ఆ బామ్మగారు విమానముపై ఢాకాకు ప్రయాణమైనది. బయలుదేరుటకు ముందు కొడుకు నడిగినది: రెండు దేశముల నడుమ సరిహద్దు పైనుండి కనబడునా యని. పటములో వలె గీత యుండదని కొడుకు నవ్వెను. కందకముగాని, గోడగాని, ఏదియు లేనిచో ఇంత చంపుకొనుట యెందులకని ఆమెకు కలిగిన సందేహము పామరుల సందేహమువలె నుండును. కాని ఏ పండితుడును దానికి సరియైన సమాధానము చెప్పలేదు.

ఆ గీత కంటికి కనబడదు గాని ప్రాణము తీయును. 1963 డిసెంబరు 27వ తేదీన కాశ్మీరమునందలి హజ్రత్‌బల్ మసీదు నుండి మహమ్మదు ప్రవక్తదని భక్తులు పూజ్యముగా చూచుకొను కేశము మాయమైనది. 1964 జనవరి 4వ తేదీన మరల దొరకినది. కాశ్మీరములో హిందువులు, ముసల్మానులు, సిక్కులు కలిసియే దుఃఖించిరి. కాని ఎంతో దూరమునగల ఖుల్నా, ఢాకాలలోను, పిమ్మట కలకత్తాలోను అల్లరులు చెలరేగినవి. నవలలో బామ్మగారి పెత్తండ్రి, తొంబదియేండ్లు పైబడిన వృద్ధుడు, ఢాకాలోని ఆ పాతయింటిని విడువనన్నాడు. ఒకసారి కదలినచో గీతలు మాఱుచునే యుండునుగదా, ఎంతదూరము పోవలెనని ఆయన వాదము. ఆయనను కనిపెట్టి అన్నము పెట్టినవాడు ఖలీల్ అను ముసల్మాను రిక్షావాడు. ఆ వృద్ధుని, ఆ ఖలీలును, వారిని కాపాడబోయిన యువకుని గుంపు పొట్టనపెట్టుకొనెను.

ఏండ్లు గడచిన పిదప కథకుడు అట్లాసు తెఱచి, వృత్తలేఖిని మొన ఖుల్నాపై నిలిపి, రెండవ కాలు శ్రీనగరమున కానించి ఒక చక్రము గీచును. వియత్నాములోని హనోయి కూడ ఆ చక్రములోపలనే యున్నది. శ్రీనగరముకంటె ఖుల్నాకు అదియే దగ్గఱ. ఐనను హనోయిలో ఏమైనను ఖుల్నావానికి పట్టదు. శ్రీనగరమున కేశము పోయినచో ఇరుగుపొరుగువారి గొంతులు తెగును. మనుష్యులను విడదీయుటకై గీచిన గీత వారిని అద్దములోని బింబమువలె ఒకరి కొకరిని ఇంకను గట్టిగా కట్టివేసినదని ఆ చక్రమువలన ఆతనికి బోధపడును.

ఘోష్ 2004లో వ్రాసిన 'ది హంగ్రీ టైడ్' అను నవలలో సంగతి మఱియొక యడుగు ముందునకు పోయినది. తూర్పు వంగదేశము నుండి వచ్చిన నిరుపేద కాందిశీకులను ప్రభుత్వము మధ్యభారతమున దండకారణ్యమునకు పంపియుండెను. ఆ రాతినేలలో నిలువలేక వారు 1978లో సుందరవనములకు వచ్చి మరిచ్‌ఝాఁపి యను దీవిలో గుడిసెలు వేసికొని, బడి పెట్టుకొని, చెఱువు త్రవ్వుకొనిరి. అది రక్షితారణ్యమని ప్రభుత్వము 1979లో దీవిని పడవలతో చుట్టుముట్టి, అన్నపానములు పోనీయక, తుదకు వారిని తఱిమివేసినది. ఇది జరిగిన చరిత్ర. నవలలో కుసుమ యను స్త్రీ ఆకలితో నుండి, పులులకున్నపాటి చోటు మాకు లేకపోయెనే, మనుష్యులమై పుట్టుటయే మా తప్పా యని కుములును. ఇచ్చట పటము గీచినవాడు తెల్లవాడు కాడు. ఓట్లడిగి వచ్చిన మనవాడే.

ఈ నాలుగు నవలలను చదివిన పిదప నాకు తోచినది ఒక్కటే. పరాయివాడు గీచిన గీతను చెఱిపివేయుటతో పని తీఱలేదు. ఆ గీతకు ముందు మన మే గీతలు గీచుకొంటిమో అవి యట్లే యున్నవి. ఉమువోఫియాలో ఓసువానికి సభలో చోటు లేదు. దండకారణ్యపు కాందిశీకునికి దీవిలో చోటు లేదు. గీత లోపల నున్నవానికి అది కనబడదు. వెలుపల నిలువబడినవానికే అది తెలియును.

ఈ సంగతి ఆఫ్రికావారు చెప్పుటకు చాల ముందుగ మన తెలుగువాడే చెప్పినాడు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు స్వరాజ్యోద్యమమున చెఱసాలలో నుండి 'మాలపల్లి' నవల వ్రాసినారు. అది 1922లో వెలువడినది. మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. గ్రంథమునకు నాయకుని పేరు పెట్టుట వాడుక. ఆయన ఊరి చివరనున్న ఒక వాడపేరు పెట్టినారు. ఆ పేరు చదువుటతోనే పాఠకుడు గీత దాటి అవతలకు పోవలసివచ్చును. అందులో మాలకులస్థుడగు రామదాసు కుటుంబమును తెల్లదొర ప్రభుత్వమును బాధించినది, ఊరి భూస్వామియు బాధించినాడు. పరాయిపాలనతో పోరాడుచు చెఱకు పోయినవాడు, ఆ చెఱలోనే కూర్చుండి తన ఊరి గీతను గూర్చియు వ్రాసినాడు. గూగీ యిట్టి పని చేయుటకు అది యేబదియేండ్లకు పైబడిన ముందుమాట.

నేను పుట్టిన యూరిలో మంచినీళ్ల బావికడ నొక హద్దుండెడిది. రాయిలేదు, కంచెలేదు. ఐనను అయిదేండ్ల పిల్లవానికి కూడ అది యెక్కడనో తెలియును. ఎవరు చెప్పిరని అడిగినచో నేను చెప్పలేను. పైనుండి చూచినచో అదియు బామ్మగారి సరిహద్దువలెనే కనబడదు. బావి యిప్పుడు పూడినది. ఇంటింటికి కొళాయి వచ్చినది. కాని నేటికిని అనేక గ్రామములలో చచ్చినవారిని పూడ్చు చోట్లు కులమున కొకటిగానే యున్నవి. ఓసువానికి చెడ్డ అడవియే గతి యన్న మాట చదివినప్పుడు ఆఫ్రికా నాకు దూరదేశముగా తోచలేదు.

పెద్దలారా! సిరిల్ రాడ్‌క్లిఫ్ గీచిన గీతను మీరుగాని నేనుగాని మార్చలేము. బెర్లిను సభ మన చేతిలోనిది కాదు. కాని ఊరి శ్మశానము, గుడి వాకిలి, రచ్చబండ, పంచాయతి చావడి - వీని గీతలు మీ మాటకు లోబడినవి. వానిని గీచినవారు మీరు కాకపోవచ్చును. జరుపగలవారు మాత్రము మీరే. ఈ నవలలలో ఏదైన దొరకినచో రచ్చబండకడ చదువు వచ్చిన పిల్లవానిచేత బిగ్గరగా చదివింపుడు. దొరకనిచో మాలపల్లి చాలును. చదువుచున్నంతసేపును ఎవరు అరుగుమీద కూర్చుండి వినుచున్నారో, ఎవరు దూరమున నిలుచుండి వినుచున్నారో ఒక్కసారి తలయెత్తి చూడుడు. దూరమున నిలిచినవారిని పేరుపెట్టి పిలిచి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తరువాతి పుట త్రిప్పింపుడు.